చుక్కల పుస్తకం

జూలై 3, గురువారం

ఖరగ్‌పూర్ నుంచి హౌరా లోకల్. పొద్దున కిటికీ సీటు దొరకలేదు. మేచేదా దాకా నిలబడి, ఆ తర్వాత సగం సీటు. ఒళ్ళో మెటియరాలజీ నోట్సు. ఇంగ్లీషులో మబ్బులకు పది పేర్లు. మార్జిన్లో మన తెలుగువి రాసుకున్నాను — మబ్బు, మొయిలు, మొగులు, మేఘం, జలదం. మాటలు రాసుకుంటూ ఉంటే నిద్ర రాదు.

తిరిగి ఇంటికి చేరేసరికి ఆరున్నర. కాళ్ళు నావి కావు. పడమట కెంజాయ. మొన్న లైబ్రరీ నిఘంటువులో దొరికింది ఈ మాట — ఎర్రని వెలుగు అట. దాచుకోలేక ఇవాళే వాడేశాను.

కాలేజీ నుంచి మెయిల్. ఈ మూడో సెమిస్టర్లో విభాగాలు విడదీసేలోగా క్లాస్ వన్ మెడికల్ కాగితం ఇవ్వాలి, పైలట్‌కి కావలసిన ఒళ్ళూ కళ్ళూ ఉన్నాయని. ఆగస్టు 5న నా వంతు, కలకత్తాలో. కాగితం ఉంటే ఫ్లయింగ్ విభాగం. లేకపోతే అదే డిగ్రీ, గ్రౌండ్ విభాగంలో — కౌంటర్లు, సరుకులు, వేరేవాళ్ళు ఎగిరే వేళల పట్టికలు.

అమ్మకు చెప్పాను. "మంగళారం పడింది. దుర్గమ్మకి నిమ్మకాయల దండ ఏసీసి ఎల్దువుగాని."

తాత వరండా కుర్చీలోంచే విన్నాడు.

"పుస్తకం గుర్తుందేటిరా సంతోసూ?"

"ఉంది తాతా."

"సెప్పు."

పన్నెండు, ఎనిమిది, ఆరు, ఇరవై తొమ్మిది, యాభై ఏడు, అయిదు, మూడు, పదిహేను, డెబ్బై నాలుగు...

"గుక్క తిప్పకుండా సెప్పాల. ఆగితే డాట్రు నీ మొహం సూస్తాడు."

జూలై 4

రానూపోనూ అయిదున్నర గంటలు, క్లాసు నాలుగు గంటలు. ఈ డిగ్రీ ఎక్కువ భాగం రైల్లోనే అవుతోంది.

జూలై 7, సోమవారం

పక్క క్వార్టర్ మావయ్య గేటు దగ్గర — "ఏరా పైలటూ, ఏ పైలటువి? లోకో పైలటువా, గాలి పైలటువా?" రోజూ ఇదే. మొదట్లో నవ్వేవాణ్ణి. ఇప్పుడు సైకిల్ స్టాండు వేసేంత ఓపిక కూడా లేదు.

అయినా మా ట్రాఫిక్‌లో, తెలుగు రైల్వేవాళ్ళ ఈ క్వార్టర్ల పేటలో, ఆయన ప్రశ్న తప్పేం కాదు. ఇక్కడ పైలట్ అంటే ఇంజన్ నడిపేవాడే. తాత నడిపాడు. అందుకే మా ఇంట్లో చుక్కల పుస్తకం ఉంది... పుస్తకం లేదు, అందులోని అంకెలున్నాయి. కళ్ళ పరీక్షలో రంగు చుక్కల బొమ్మలు చూపిస్తారు. ఒక్కో పేజీలో చుక్కల మధ్య ఒక అంకె. ఏ పేజీకి ఏ అంకో తాత నాకు అయిదో ఏట నేర్పాడు, రెండో ఎక్కం కంటే ముందు. జామకాయ కోసిపెడుతూ ఒక అంకె, ముక్క నోట్లో పెడుతూ ఇంకో అంకె.

నిరుడు కాలేజీలో చేరేటప్పుడు క్లాస్ టూ మెడికల్లో డాక్టరు పేజీ తిప్పేలోపే చెప్పేశాను. "ఇంత తొందరేంటి బాబూ, రైలు వెళ్ళిపోతుందా?" అన్నాడు. నిజంగానే రైలుంది. సంతకం పెట్టేశాడు.

జూలై 9

ఇవాళ్టి పాఠం: విమానంలో రేడియో పనిచేయకపోతే టవర్ వాళ్ళు దీపం చూపిస్తారు. నిలకడగా పచ్చ — దిగు. నిలకడగా ఎరుపు — దారి ఇచ్చి చుట్టూ తిరుగుతూ ఉండు. మినుకుమినుకుమనే ఎరుపు — ఇక్కడ దిగకు.

బట్టీ పట్టడం నాకు తేలిక. బెల్లు కొట్టకముందే వచ్చేసింది. సారు మాత్రం పుస్తకం మూస్తూ ఒక మాటన్నారు — "రేడియో పోయిందంటే ఇక చెప్పేవాళ్ళెవరూ ఉండరు. మీ కళ్ళే." అది నోట్సులో రాసుకోలేదు. ఇక్కడ రాస్తున్నాను, వాక్యం బాగుందని.

జూలై 11, శుక్రవారం

తిరుగు లోకల్లో అనిర్బాన్ పక్కన. నా క్లాసే, మేచేదాలో ఎక్కుతాడు, మేచేదాలో దిగుతాడు. వాడి మెడికల్ నాకంటే నాలుగు రోజులు ముందు. ఫోన్లో కళ్ళ పరీక్షలు ఆడుతున్నాడు.

"నువ్వు చెప్పు, నేను మార్కులేస్తాను."

మొదటి బొమ్మ రాగానే "పన్నెండు" అన్నాను.

"ధుర్, చూడకుండానే?"

చూశాను. ఇది తాత వరస కాదు. ఇరవై ఒకటి. చెప్పాను.

పగలబడి నవ్వాడు. "డెబ్బై నాలుగు రా. యాక్టింగ్ చాలు." తర్వాతి బొమ్మ. అందులో ఏమీ లేదు, ఉత్త చుక్కలు. "ఇందులో అంకె పెట్టలేదు" అన్నాను. వాడు నవ్వడం ఆపాడు. వేలితో తెర మీద ఆరు గీసి చూపించాడు. గీసిన వేలు కనిపించింది. ఆరు కనిపించలేదు.

పన్నెండు బొమ్మల్లో రెండు సరిపోయాయి.

"బ్రైట్‌నెస్ తక్కువుందేమో" అన్నాడు. అదే తెర మీద వాడికి అన్నీ కనిపించాయి.

జూలై 12

అమ్మ చీరలు పెరట్లో తీగ మీద. పక్కపక్కన రెండు. ఒకటి చిలకపచ్చ, ఒకటి ఇటుక రంగు — ఈ పేర్లు నాకు తెలుసు. ఏది ఏదో కూడా తెలుసు, ఎందుకంటే ఇటుక రంగుదానికి జరీ అంచు. అంచు లోపలికి మడిచాను. నాలుగడుగులు వెనక్కి నడిచి చూశాను.

ఒకే చీర రెండుసార్లు ఆరేసినట్టుంది.

చిన్నప్పటినుంచీ ఒకటి తెమ్మంటే ఇంకొకటి తెచ్చేవాణ్ణి. "మావోడికి పరాకు" అనేది అమ్మ అందరితో. ఇన్నాళ్ళూ నాకు పరాకే అనుకున్నాను.

జూలై 13, ఆదివారం

తాతతో ఫుట్ బ్రిడ్జి మీదికి. మోకాళ్ళ నొప్పితో మెట్టుమెట్టుకీ ఆగుతూ ఎక్కాడు. అయినా ఆదివారం మానడు. మా ఆట ఉంది.

ఇంజన్లో ఇద్దరుంటారు. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ చెయ్యెత్తి రంగు గట్టిగా చెప్పాలి. డ్రైవర్ చెయ్యెత్తి అదే తిరిగి చెప్పాలి. పద్నాలుగేళ్ళుగా ఈ బ్రిడ్జి మీద నేను అసిస్టెంటుని.

"సెప్పు."

"గ్రీన్" — చెయ్యెత్తాను.

"గ్రీన్" — తాత.

సిగ్నల్ స్తంభం పైగడిలో వెలిగితే పచ్చ. నడిమిది పసుపు. అడుగుది ఎరుపు. నేను చెప్పేది గడిని. రంగుని చెప్తున్నానని ఇన్నేళ్ళూ ఎలా అనుకున్నాను?

"తాతా, ఓసారి నువ్వు ముందు చెప్పు."

రైలింగు పట్టుకుని పట్టాల వైపు చూశాడు. "ఎండ సురుక్కుమంటంది. దిగిపోదాం పద" అన్నాడు. మబ్బు పట్టి ఉంది.

జూలై 14

నావిగేషన్ క్లాసులో నిద్రపోయాను. మొదటిసారి.

జూలై 16

జూలై 3 పేజీ మళ్ళీ చదివాను. "పడమట కెంజాయ." చూసి రాసింది కాదు. సాయంత్రం కాబట్టి, మాట కొత్తది కాబట్టి రాశాను. పాత పేజీలన్నీ తిరగేశాను. "చివుళ్ళు కెంపుల్లా", "పచ్చని వరి", "మోదుగుపూలు మంటల్లా". అన్నీ మాటల్లోంచి వచ్చిన మాటలే. కళ్ళలోంచి వచ్చినవి ఎన్నో లెక్కపెట్టబోయి పుస్తకం మూసేశాను.

జూలై 17

లైబ్రరీలో వైద్యం పుస్తకం. ఎరుపు, పచ్చ తేడా తెలియకపోవడం ఆడవాళ్ళకు అరుదట. తల్లి ద్వారా కొడుక్కి వస్తుందట, తల్లికి ఆమె తండ్రి నుంచి. తల్లికి మాత్రం కళ్ళు మామూలుగానే ఉంటాయి.

తాత అమ్మకు నాన్న.

పుస్తకం ఇంటికి తేలేదు.

జూలై 20, ఆదివారం

శ్యామల్ కాకు వచ్చారు, రసగుల్లాల కుండతో. తాత ఆఖరి అసిస్టెంట్. బెంగాలీ అయినా ముప్ఫై ఏళ్ళు ట్రాఫిక్‌లో ఉండి మాకంటే బాగా మన తెలుగు మాట్లాడతారు. తాత స్నానానికి వెళ్ళాడు. ఇక అడిగేశాను.

"కాకూ, తాత ఇంజన్ ఎందుకు దిగాడు?"

"బీపీ గదా." ఇంట్లో అందరూ చెప్పే మాటే.

"బీపీ కాదు."

కాకు తలుపు వైపు చూశారు. రసగుల్లా చెంచాతో రెండు చేశారు, తినలేదు.

"మీ తాతకాడ పదకొండేళ్ళు సేసినాను. ఒక్కరోజు కూడా నాకంటే ముందు సిగ్నల్ సెప్పలేదు. వేరే డ్రైవర్లు మనల్ని మాటాడనిస్తారేటి? ఈయన ఆగీవాడు. నాకు రెస్పెక్ట్ ఇస్తన్నాడు అనుకునీవాణ్ణి. ఇంటికెళ్ళి మా ఆవిడకి సెప్పుకునీవాణ్ణి."

"తర్వాత?"

"పుష్యమాసం మంచు. తెల్లారుతంది. నాకు జలుబు సేసి గొంతు పోయింది. మాట రాదు. దీపం కనబడింది, గడి కనబడదు ఆ మంచులో. నాను సెయ్యెత్తినాను. నోరు తెరిసినాను, గాలే వచ్చింది. మీ తాత, మా సింగాద్రి దా, నా నోరు సూస్తన్నాడు. దీపం కాదు, నా నోరు. అప్పుడు బ్రేకు ఏసీసినాడు. గ్రీన్ సిగ్నల్ దగ్గర నిండు బండి ఆపీసినాడు."

"ఎంతసేపు?"

"ఆయన ఆపీసరికి నాకూ అనుమానమొచ్చింది. నాను దిగి, స్తంభం దాకా నడిసెల్లి, ఎనక్కొచ్చి, ఆయన సేతి మీద 'జి' అని రాసిందాకా."

తాత దగ్గు వినబడింది. కాకు ఒక ముక్క నోట్లో పెట్టుకున్నారు. "ఆ తర్వాత మెడికల్‌కి ఎల్లి ఆయనే సెప్పీసినాడు, నాకీ పుస్తకం నోటికొచ్చు, కళ్ళకి రాదు అని. ఆఫీసులో కూకోబెట్టినారు. నన్ను మటుకు సూసి ఒక్కటే అన్నాడు — గొంతు జాగర్త శ్యామల్."

తాత తువ్వాలుతో వచ్చి మా ఇద్దరి మొహాలూ చూశాడు. "రసగుల్లాలు పుల్లగున్నాయేటి?" అన్నాడు.

జూలై 21

ఇవాళ రైలెక్కలేదు. జ్వరమని చెప్పాను. నిజంగానే ఒళ్ళు వెచ్చగా ఉంది.

మధ్యాహ్నం వరండాలో తాత, నేను.  తనే మొదలెట్టాడు.

"నీకు అయిదో ఏడు. బొమ్మ గీసినావు. సెట్టు. ఆకులన్నీ మట్టిరంగు ఏసినావు. మీ అమ్మ నవ్వింది. నాను నవ్వలేదు."

"అందుకే నేర్పావా?"

"నువ్వు ఇంజను ఎక్కుతావనుకున్నాను. మనోళ్ళు ఇంకేటి ఎక్కుతారు?"

"నువ్వే దిగిపోయి, నాకెందుకు నేర్పావు తాతా?"

జవాబు రావడానికి ఒక గూడ్సు మొత్తం దాటింది. మా క్వార్టర్ల దగ్గర అది చాలా సేపు.

"దిగినోడికి తెలుస్తాది, దిగితే ఎలగుంటాదో. ఆఫీసులో డ్యూటీ సీటీలు రాసీవాణ్ణి. నా కింద సేసినోళ్ళు బేగు బుజానేసుకుని ఎల్తంటే సూసీవాణ్ణి. అది నీకొద్దు అనుకున్నాను." మోకాలు రాసుకున్నాడు. "బండయితే ఆపొచ్చు. అనుమానమొస్తే ఆపీయొచ్చు, ఎవడు తిట్టినా. నీదానికి బ్రేకేసి నిలబడ్డానికి పట్టా లేదు గదా. అది నాకు తట్టలేదురా. నువ్వు గాలి సదువు అన్న రోజున కూడా తట్టలేదు. అంకెలు బాగా వచ్చు గదా అనుకున్నాను."

కోపం రాలేదు. వస్తే బాగుండేది. కోపానికి కూడా కాస్త ఓపిక కావాలి.

జూలై 23

వర్షం. లోకల్ సాంత్రాగాచీ బయట నలభై నిమిషాలు ఆగింది. సిగ్నల్ లేదు అన్నారు అందరూ. నేను తొంగి చూడలేదు.

జూలై 25

పోయిన సెమిస్టర్ ఫలితాలు. క్లాసులో రెండోవాణ్ణి. మెటియరాలజీలో మొదటివాణ్ణి. అమ్మ గిన్నెడు పరమాన్నం చేసి నాలుగు క్వార్టర్లకు పంచింది. "మావోడు రెండోవోడు." పక్క మావయ్య పరమాన్నం తింటూ — "ఇక నిన్ను గాలి పైలటు అనే పిలవాల." తిరిగొచ్చిన గిన్నె నేనే కడిగాను.

జూలై 27, ఆదివారం

నాన్నకు చెప్పక తప్పలేదు. వర్క్‌షాపు నుంచి ఓవర్‌టైమ్ చేసి వచ్చి, చేతులకు కిరసనాయిలు రాసుకుని గ్రీజు వదిలించుకుంటున్నాడు. విన్నాడు. రుద్దడం ఆపలేదు.

"అంకెలు వచ్చు గదా?"

"వచ్చు."

"సెప్పీసి వచ్చీయి. ఇమానంలో ఇద్దరుంటారు. పక్కోడు సూస్తాడు."

"పక్కవాడి గొంతు పోతే?"

మంచులో కాకు గొంతు పోయిన సంగతి నాన్నకు తెలియదు. "గొంతెందుకు పోద్ది?" అన్నాడు. ఆ తర్వాత సబ్బు తీసుకుని, తన చేతులతోనే మాట్లాడుతున్నట్టు — "ఏడాది నుంచి నాలుగున్నరకి లేస్తన్నావు. నీకు టిఫిను కట్టడానికి మీ అమ్మ నాలుక్కి లేస్తంది. ఒక్క నిమిసం అబద్దం. దానికింత ఆలోసనేటి?"

నాన్న చేతుల మీద నీళ్ళు పోశాను. నిజమే. ఒక్క నిమిషమే.

జూలై 29

రైల్లో బట్టీ. చుక్కల పుస్తకం కాదు, టవర్ దీపాలు. నిలకడ పచ్చ — దిగు. నిలకడ ఎరుపు — తిరుగుతూ ఉండు.

ఈమధ్య మాటలు రాసుకోవడం లేదు. నిఘంటువు గడువు దాటిపోయింది, తిరిగి ఇవ్వాలి.

ఆగస్టు 1, శుక్రవారం

అనిర్బాన్ క్లాస్ వన్ అయిపోయింది. ఫిట్. రైల్లో నా కోసం సీటు పట్టాడు, కిటికీది. ఏమీ అడగలేదు. మేచేదాలో దిగేముందు "నువ్వు కూడా అయిపోతావు రా" అన్నాడు. ఆ పన్నెండు బొమ్మల సంగతి ఎవరికీ చెప్పలేదట. వాడి మంచితనం కూడా మోయాల్సి వచ్చింది ఖరగ్‌పూర్ దాకా.

ఆగస్టు 3, ఆదివారం

అమ్మ నా ఇంటర్వ్యూ చొక్కా ఇస్త్రీ చేస్తూ, తలెత్తకుండా — "మీ నాన్న సెప్పినాడు."

 ఆ వైద్యం పుస్తకం సంగతి ఆమెకు తెలియకూడదని నా భయం.

"స్కూల్లో శనివారం ఆకుపచ్చ సాక్సులు, మిగతా రోజులు మెరూను. గుర్తుందా? శనివారం సాక్సుల లోపల తెల్లదారం కుట్టీదాన్ని. ఎందుకనుకున్నావు?"

గుర్తుంది. దారం ఉన్నది శనివారం. అందరి సాక్సులూ అలాగే ఉంటాయనుకున్నాను.

"మా నాన్న దస్తీలకి కూడా మా అమ్మ దారాలు కుట్టీది. ఒకదానికి బదులు ఇంకోటి తీసి తుడుసుకుంటే ఎర్ర దస్తీ. ఇంజను బయట ఎర్ర గుడ్డ ఊపితే బండ్లాగిపోవా?" నవ్వింది. నవ్వుతూనే కాలరు మీద పెట్టె అలాగే ఉంచేసింది. నేను తీశాను. కొంచెం మాడింది. ఏ రంగుకు మాడిందో అడగలేదు.

నాకు తప్ప అందరికీ తెలుసు.

"నా వల్లేనంట గదా" అంది చివర్లో. టీవీలో చూసిందట, ఎప్పుడో.

"చొక్కా బాగుందమ్మా" అన్నాను. ఇంకో మాట దొరకలేదు. ఇన్ని మాటలు పోగేసుకున్నాను.

ఆగస్టు 4

చొక్కా సంచిలో పెట్టాను. కాగితాలన్నీ వరసగా. పెన్నులు రెండు. అంకెలు వాటంతట అవే నోట్లో తిరుగుతున్నాయి. ఆపలేకపోతున్నాను.

ఆగస్టు 5, మంగళవారం

నాన్న సెలవు పెట్టి తోడొచ్చాడు. లోకల్లో ఇద్దరికీ సీటు దొరికింది. దారి పొడుగునా ఒక్కమాట — "టీ తాగుతావా?"

గుండె, చెవులు, రక్తం, ఎత్తు, బరువు. అన్నీ సరే. మధ్యాహ్నం దాటాక కళ్ళ గది. పెద్దావిడ. అద్దాలు తలమీద. పొద్దున్నుంచీ ఎంతమందిని చూసిందో, ఆవులింత ఆపుకుంటోంది. నాకు ఆమె మీద జాలి వేసింది, మేమిద్దరం ఒకేలా అలిసిపోయాం అనిపించి.

పుస్తకం తెరిచింది. అదే పుస్తకం. మొదటి పేజీ.

"పన్నెండు." నిజంగానే పన్నెండు. ఆ ఒక్కటీ అందరికీ కనిపిస్తుంది.

రెండో పేజీ. నాలుక మీద ఎనిమిది. పేజీ మీద మూడు.

నాన్న బయట బెంచీ మీద ఉన్నాడు, ఒళ్ళో టిఫిను డబ్బా. తలుపు సందులోంచి చెప్పులు కనిపిస్తున్నాయి.

"జల్దీ" అంది ఆవిడ.

"మేడమ్, ఈ పుస్తకం నాకు నోటికొచ్చు. మీరు తిప్పకముందే చెప్పగలను. చిన్నప్పుడు నేర్చుకున్నాను."

ఆవులింత ఆగిపోయింది. "ఎవరు నేర్పారు?"

"మా తాత. ఇంజన్ డ్రైవరు."

అద్దాలు కళ్ళ మీదికి దించింది. "క్లాస్ టూలో?"

"అంకెలు చెప్పాను."

పుస్తకం మూసి, మధ్యలో ఎక్కడో తెరిచి, పక్కకి తిప్పి పెట్టింది. "ఇప్పుడు నోటికొచ్చింది వద్దు. కనబడింది చెప్పు." చెప్పాను. కనబడనిచోట కనబడటం లేదన్నాను. పదిహేను పేజీలు. ఆమె రాసుకుంటూ పోయింది. మొహంలో ఏమీ లేదు.

"పుస్తకం తప్పావు. ఇంకొకటుంది, లాంతరు పరీక్ష. చీకటి గది, దూరంగా చిన్నచిన్న దీపాలు. రంగు చెప్పాలి. పుస్తకం తప్పినవాళ్ళలో దాన్ని దాటేవాళ్ళు ఉన్నారు, దాటనివాళ్ళూ ఉన్నారు. దానికి అంకెల్లేవు." పన్నెండో తారీఖు రాసి ఇచ్చింది. "అది తప్పితే ఇక ఇంకొకటి లేదు. అర్థమైందా?"

అర్థమైంది. గుమ్మం దగ్గర ఉండగా వెనకనుంచి — "చెప్పకపోతే సంతకం పెట్టేసేదాన్నే" అంది. మెచ్చుకోలా, విసుగా, తెలియలేదు.

బయట నాన్న లేచాడు. "అయిపోయిందా?"

"చెప్పేశాను నాన్నా. నోటికొచ్చని."

డబ్బా ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. "పులిహోర ఉంది, తిను" అన్నాడు. తిన్నాం. రైల్లో పాంశ్‌కూరా దాటాక, కిటికీ వైపు మొహం పెట్టి — "మీ తాతలాగే" అన్నాడు. అంతే.

ఆగస్టు 6

కాలేజీకి మెయిల్ పెట్టాను. పద్నాలుగో తారీఖు వరకు గడువిచ్చారు. ఆ తర్వాత గ్రౌండ్ విభాగం జాబితాలో పేరు.

తాత నిన్న అన్నానికి లేవలేదట. ఇవాళ నేను వడ్డిస్తే తిన్నాడు. "ఆ డాట్రమ్మ తిట్టినాదేటి?" "లేదు తాతా." "నన్ను తిట్టినారు అప్పుడు." ఇంకో ముద్ద కలుపుకుని — "పెద్దగా తిట్టలేదులే."

ఆగస్టు 8

క్లాసులో రన్‌వే పక్కన నాలుగు దీపాల పాఠం. విమానం మరీ కిందికుంటే నాలుగూ ఎరుపు. మరీ పైనుంటే నాలుగూ తెలుపు. సరిగ్గా ఉంటే రెండూ రెండూ. అనిర్బాన్ నా నోట్సులో పెన్సిలుతో బొమ్మ గీసి, ఎరుపు దీపాల మీద అడ్డగీతలు కొట్టాడు. ఎందుకని అడగలేదు. పెన్సిలు గీతలు నాకు బాగా కనిపిస్తాయి.

ఆగస్టు 10, ఆదివారం

ఫుట్ బ్రిడ్జికి వెళ్ళలేదు. తాత అడగలేదు, నేనూ అడగలేదు.

నిఘంటువు తిరిగి ఇచ్చేశాను. ఇచ్చేముందు "కెంజాయ" పేజీ ఇంకోసారి చూశాను. కొట్టేయాలని కాదు. ఆ మాట అబద్ధం కాదు, నేను దాన్ని చూడకుండా వాడాను. ఇకమీదట ఇక్కడ చూసిందే రాస్తాను. సాయంత్రం, లైబ్రరీ బయట: ఆకాశం పడమట తూర్పుకంటే ముదురుగా ఉంది. వానకు ముందు గాలి. రెండు కాకులు.

ఆగస్టు 12, మంగళవారం

లోకల్లో రాస్తున్నాను. అక్షరాలు వంకర.

ఇవాళ తోడు రావద్దన్నాను. నాన్న సరేనన్నాడు. ప్లాట్‌ఫాం మీదికి వచ్చి చూస్తే తాత. ముందే సైకిల్ రిక్షాలో వచ్చి, చేతికర్ర పక్కన పెట్టుకుని, బెంచీ మీద. తెల్లారుతోంది, సన్నగా తుంపర.

"కిటికీకాడ కూకో" అన్నాడు. కూర్చున్నాను. తాత కిటికీ బయట, చువ్వ పట్టుకుని.

ప్లాట్‌ఫాం చివర సిగ్నల్. రేకు షెడ్డు కొస అడ్డం, తుంపర అడ్డం. స్తంభం కనబడదు. గడి కనబడదు. ఒక్క దీపం మాత్రం.

తాత అటు తిరిగాడు. నేనూ అటే చూస్తున్నాను.

"సెప్పు" అనలేదు.

నేను చెప్పలేదు. ఇద్దరం అలాగే ఉన్నాం... ఎవరో ఒకరు ముందు చెప్తారని.

బండి కుదిపి కదిలింది. చువ్వ మీది చెయ్యి జారింది. ఒక్క క్షణం తాత పక్కనే నడిచి, ఆగిపోయి, చెయ్యెత్తాడు, ఇంజన్లో ఎత్తినట్టు. నోరు తెరిచి ఉంది. బండి కదిలాక రంగేమిటో ఎవరికైనా తెలుసు. అయినా అనలేదు. నా నోరు చూస్తున్నాడు.

సిగ్నల్ దగ్గరికి వస్తోంది. నుదురు చువ్వలకి ఆనించాను. గడి చూడకుండా, దీపాన్నే చూస్తున్నాను —